ఉగ్లిచ్: గంటకు శిక్ష వేసిన పట్టణం, దాన్ని ఎవరు పాలించారన్న కథ

రష్యాలోని యరొస్లావ్ల్ ప్రాంతంలో, వోల్గా నది వంపు తిరిగే చోట, మాస్కోకు ఉత్తరంగా సుమారు 200 కిలోమీటర్ల దూరంలో ఉన్న పాత పట్టణం ఉగ్లిచ్. జనాభా ముప్పై వేలకు అటూ ఇటూ. రాతప్రతుల్లో దీని పేరు తొలిసారి 1148లో కనిపిస్తుంది. స్థానికులు మాత్రం తమ ఊరు 937లోనే పుట్టిందని చెప్పుకుంటారు. 'ఊగల్' అంటే రష్యన్‌లో మూల. నది మూల తిరిగిన చోట వెలిసింది కాబట్టి ఈ పేరు వచ్చిందని ఎక్కువమంది నమ్మకం.

వేసవిలో మాస్కో, సెయింట్ పీటర్స్‌బర్గ్‌ల మధ్య తిరిగే పర్యాటక నౌకలు ఇక్కడ కొన్ని గంటలు ఆగుతాయి. రేవు నుంచి నడిచి వెళ్లేంత దూరంలోనే పాత కోట ఆవరణ. అందులో పదిహేనో శతాబ్దపు ఇటుక మేడ, నీలి గుమ్మటాల మీద నక్షత్రాలు మెరిసే ఎర్రటి చర్చి, ఆ చర్చి లోపల ఒక గంట. దాదాపు 320 కిలోల ఆ గంటకు చెవి కోసి, నాలుక పీకి, కొరడా దెబ్బలు కొట్టి, సైబీరియాకు దేశబహిష్కారం విధించారు. యాత్రికులకు ఇదొక వింత. రష్యాలో ఒక చిన్న పట్టణానికీ, దూరాన ఉన్న రాజధానికీ మధ్య సంబంధం ఎలా ఉంటూ వచ్చిందో తెలుసుకోవాలనుకునేవారికి మాత్రం అసలు కథ ఆ గంట దగ్గరే మొదలవుతుంది.

అంతకు ముందటి ఉగ్లిచ్ చరిత్ర చాలా రష్యన్ పట్టణాల చరిత్ర లాంటిదే. పదమూడో శతాబ్దపు తొలినాళ్లలో చిన్న సంస్థానంగా ఏర్పడింది. 1238లో మంగోలుల దండయాత్రలో దెబ్బతింది. ఆ తర్వాతి శతాబ్దంలో మాస్కో పాలకుల చేతికి వెళ్లింది. పదిహేనో శతాబ్దం రెండో సగంలో మాస్కో ప్రభువు మూడో ఇవాన్ తమ్ముడు ఆంద్రే ఇక్కడ స్వతంత్ర ప్రభువులా ఏలాడు. కోటలో ఇప్పటికీ నిలిచి ఉన్న ఇటుక మేడ ఆయన కట్టించిందే. ఆయన కాలంలోనే త్వేర్ నగర వర్తకుడు అఫనాసీ నికితిన్ పడవలో వోల్గా వెంట దిగువకు వెళుతూ ఉగ్లిచ్ మీదుగా ప్రయాణించాడు. ఇక్కడ తనను అడ్డు పెట్టకుండా వెళ్లనిచ్చారని తన యాత్రా వృత్తాంతంలో రాసుకున్నాడు. ఆ ప్రయాణమే చివరికి అతన్ని దక్కనుకు, బహమనీ సుల్తానుల రాజధాని బీదరుకు చేర్చింది. ఒక ఊరి రేవు దాటాలన్నా ఆ ఊరి ప్రభువు అనుమతి కావలసిన రోజులవి. ఆ అనుమతి ఇచ్చే అధికారం ఉగ్లిచ్‌లోనే ఉండేది.

అది ఎక్కువకాలం నిలవలేదు. 1490ల మొదట్లో మూడో ఇవాన్ తన తమ్ముణ్ణి మాస్కోకు పిలిపించి బంధించాడు. ఆంద్రే చెరసాలలోనే చనిపోయాడు.

1591 మే 15

'ఇవాన్ ది టెర్రిబుల్'గా లోకానికి తెలిసిన నాలుగో ఇవాన్ 1584లో మరణించాడు. సింహాసనం ఎక్కిన కొడుకు ఫ్యోదర్ బలహీనుడు. రాజ్యం నిజానికి అతని బావమరిది బొరీస్ గొదునోవ్ చేతుల్లో నడిచింది. ఇవాన్ చివరి భార్య మరియా నగయా, ఆమె పసిబిడ్డ ద్మిత్రీ, ఆమె అన్నదమ్ములు రాజధానిలో ఉంటే చిక్కు అనుకున్నారు. ద్మిత్రీకి ఉగ్లిచ్‌ను జాగీరుగా ఇచ్చి, తల్లినీ మేనమామలనూ వెంట పంపేశారు. పేరుకు పిల్లవాడు ఆ ఊరి ప్రభువు. ఊరి రాబడి మీదా ఖర్చు మీదా పెత్తనం మాత్రం మాస్కో నుంచి వచ్చిన మిఖాయిల్ బిత్యగోవ్‌స్కీ అనే అధికారిది. రష్యన్‌లో ఇలాంటి ఉద్యోగిని 'ద్యాక్' అనేవారు. లెక్కలు, దస్తావేజులు, ఖజానా అన్నీ అతని కింద ఉండేవి. మన పాత మాటల్లో చెప్పాలంటే దివాను లాంటివాడు. కాకపోతే జీతం ఇచ్చేదీ, జవాబు అడిగేదీ స్థానిక ప్రభువు కాదు, మాస్కో.

మేనమామలకూ ఇతనికీ రోజూ గొడవే. కేటాయించిన దానికంటే ఎక్కువ డబ్బు కావాలని మిఖాయిల్ నగోయ్ అడిగేవాడు, ద్యాక్ కుదరదనేవాడు. పైగా ప్రభుత్వ పనికి ఇంతమంది మనుషులను పంపాలని నగోయ్ కుటుంబం మీద ద్యాక్ ఒత్తిడి తెచ్చేవాడు. ఈ వివరాలన్నీ ఆ తర్వాత జరిగిన విచారణ దస్త్రంలో సాక్షుల నోటి నుంచే వచ్చాయి. నాలుగు శతాబ్దాలు దాటినా ఆ దస్త్రం మాస్కోలోని ప్రభుత్వ పురాతన పత్రాల భాండాగారంలో భద్రంగా ఉంది. ఒక చిన్న ఊరి పాలనా తగాదా ఇంత వివరంగా నమోదైన సందర్భాలు ఆ కాలపు రష్యాలో అరుదు.

పాత పంచాంగం ప్రకారం 1591 మే 15 మధ్యాహ్నం ఎనిమిదేళ్ల ద్మిత్రీ మేడ పెరట్లో తోటి పిల్లలతో కత్తిని నేలకు గురిచూసి విసిరే ఆట ఆడుతుండగా గొంతుకు గాయమై చనిపోయాడు. గంట మోగింది. ఊరు ఊరంతా కోటకు పరుగెత్తింది. ద్యాక్ మనుషులే చంపారని తల్లి, మేనమామలు కేకలు పెట్టారు. బిత్యగోవ్‌స్కీ మొదట గంట గోపురం ఎక్కి మోత ఆపించడానికి ప్రయత్నించాడని, మోగిస్తున్నవాడు లోపలి నుంచి తలుపు వేసుకున్నాడని సాక్షులు చెప్పారు. తర్వాత ప్రాణభయంతో ఆయన ఒక గదిలో దాక్కుంటే జనం తలుపులు పగలగొట్టి బయటికి ఈడ్చి చంపారు. ఆయన కొడుకు, బంధువులు, అనుచరులు కలిపి ఆ రోజు పదిహేను మంది దాకా చనిపోయారు.

నాలుగు రోజులకు మాస్కో నుంచి వాసిలీ షూయ్‌స్కీ అనే రాజవంశీకుడి నాయకత్వంలో విచారణ సంఘం దిగింది. ఆలోపు ఊళ్లో జరిగిన ఒక పని దస్త్రంలో నమోదైంది. ఊరి పరిపాలన చూసే రూసిన్ రకోవ్ అనే స్థానిక ఉద్యోగి, మిఖాయిల్ నగోయ్ తనను పిలిచి కత్తులు, తుపాకులు పోగుచేయించాడని, వాటికి కోడి రక్తం పూయించి చచ్చినవారి శవాల పక్కన పెట్టించాడని ఒప్పుకున్నాడు. చనిపోయినవారే యువరాజును చంపడానికి వచ్చారని నమ్మించడం కోసం ఆ ఏర్పాటు. పైవాళ్లు వచ్చేలోగా దస్త్రాలు 'సరిచేసే' అలవాటు ఎంత పాతదో ఈ రకోవ్ సాక్ష్యం చూస్తే తెలుస్తుంది.

పిల్లవాడికి మూర్ఛ వచ్చి, చేతిలోని కత్తి తనకే గుచ్చుకుందని సంఘం తేల్చింది. ఇది నిజమా, గొదునోవ్ చేయించిన హత్యా అన్న వాదం చరిత్రకారుల మధ్య నేటికీ నడుస్తూనే ఉంది. ఇటీవలి పరిశోధకుల్లో చాలామంది ప్రమాదం వైపే మొగ్గుతారు. షూయ్‌స్కీ మాట మీద మాత్రం ఎవరూ ఆధారపడలేరు. 1591లో ప్రమాదం అన్నాడు. 1605లో ద్మిత్రీని నేనేనంటూ ఒక నకిలీ యువరాజు సింహాసనం ఎక్కితే అతన్ని అంగీకరించాడు. 1606లో తానే జార్ అయ్యాక, ద్మిత్రీని గొదునోవ్ చంపించాడని ప్రకటించి, ఉగ్లిచ్ నుంచి అవశేషాలను మాస్కోకు తెప్పించాడు. చర్చి ఆ పిల్లవాణ్ణి పునీతుడిగా గుర్తించింది. ఈ కథే తర్వాత పూష్కిన్ నాటకానికీ, ముసోర్గ్‌స్కీ సంగీత నాటకానికీ వస్తువైంది.

ఊరికి పడిన శిక్ష ఎటువంటిది? తల్లిని బలవంతంగా సన్యాసినిని చేశారు. మేనమామలను దూరప్రాంతాల్లో బంధించారు. సంప్రదాయ కథనం ప్రకారం రెండు వందల మంది దాకా పట్టణవాసులకు మరణశిక్షలు పడ్డాయి, కొందరి నాలుకలు కోశారు. అనేక కుటుంబాలను సైబీరియాలోని పెలీమ్‌కు తరలించారు. చివరికి గంట వంతు వచ్చింది. దాన్ని గోపురం మీది నుంచి పడేసి, వేలాడదీసే చెవుల్లో ఒకదాన్ని నరికి, లోపలి నాలుకను తీసేసి, పన్నెండు కొరడా దెబ్బలు కొట్టి తొబోల్స్క్‌కు పంపారు. జనాన్ని పోగుచేసే శక్తి ఆ పరికరానిది. దాన్ని తీసేస్తే ఊరికి గొంతు లేదు. శిక్ష వింతగా కనిపించినా, వేసినవాళ్లు ఏం చేస్తున్నారో తెలిసే చేశారు. తొబోల్స్క్‌లో మొదట దాన్ని ప్రభుత్వ కచేరీలో బంధించి ఉంచారని, తర్వాత చర్చిలోనూ అగ్నిప్రమాదాల హెచ్చరికకూ వాడారని చెబుతారు. 1677లో ఆ పట్టణంలో జరిగిన పెద్ద అగ్నిప్రమాదంలో అసలు గంట కరిగిపోయిందేమో, ఇప్పుడున్నది దాని స్థానంలో పోతపోసినదేమో అన్న అనుమానం కూడా పరిశోధకుల్లో ఉంది.

గంట తిరిగివచ్చిన సంవత్సరం

రష్యాలో పట్టణాలను పై నుంచి పాలించే పద్ధతికి చాలా రూపాలున్నాయి. నాలుగో ఇవాన్ కాలం వరకు 'కోర్మ్‌లేనియే' అనే ఏర్పాటు ఉండేది. ఆ మాటకు అర్థం 'మేపడం'. ఊరికి వచ్చిన అధికారికి జీతం ఉండదు, ఊరే అతన్ని మేపాలి. 1550ల మధ్యలో దాన్ని రద్దు చేసి, కొన్ని బాధ్యతలు స్థానికులు ఎన్నుకునే పెద్దలకు అప్పగించారు. పదిహేడో శతాబ్దంలో వోయెవోదాలు అనే సైనిక పాలకులు వచ్చారు. ఎన్నికైన పెద్దలు మెల్లగా వారి కింద పన్నులు వసూలు చేసిపెట్టేవారిగా మారారు. కానుకల పేరుతో మేపడం మాత్రం ఆగలేదు. ఈ శతాబ్దపు మొదట్లో పోలిష్, లిథువేనియన్ దళాల దాడుల్లో ఉగ్లిచ్ దాదాపు నేలమట్టమైంది. ద్మిత్రీ చనిపోయాడని చెప్పే చోట ఇప్పుడు కనిపించే ఎర్ర చర్చి 1692 నాటిది.

1777లో మహారాణి రెండో కేథరిన్ సంస్కరణలతో ఉగ్లిచ్ యరొస్లావ్ల్ పాలనా విభాగంలో ఒక జిల్లా కేంద్రం అయింది. మరుసటి ఏడాది ఊరికి అధికార చిహ్నం ఖరారైంది. ఎర్రని నేపథ్యంపై ద్మిత్రీ బొమ్మ. మాస్కో అధికారిని చంపినందుకు ఊరిని శిక్షించిన రాజ్యమే, ఆ గొడవకు కారణమైన పిల్లవాడి బొమ్మను ఊరి ముద్రగా ఇచ్చింది. 1784లో వీధులకు కొత్త నక్షా వచ్చింది. వంకర సందులు పోయి తిన్నని బాటలు, నడుమ చౌరస్తా వచ్చాయి. కేథరిన్ 1785లో ఇచ్చిన పట్టణాల శాసనపత్రం నివాసులను ఆరు వర్గాలుగా విభజించి, వారికి 'దూమా' అనే పట్టణ సభను ఇచ్చింది. ఉగ్లిచ్ దూమా కోసం 1810లలో కోట ఆవరణలోనే స్తంభాల భవనం కట్టారు. గవర్నరు మాట దాటి పోవడానికి ఆ దూమాలకు పెద్దగా అవకాశం లేదు. కానీ వీధి దీపాలు, సంతలు, వంతెనల గురించి ఊరివాళ్లే కూర్చుని మాట్లాడుకునే ఒక గది దొరికింది. దాన్ని తక్కువ చేసి చూడకూడదు.

1861లో అర్ధబానిసత్వం రద్దయ్యాక వచ్చిన సంస్కరణలు ఆ గదిని నిజంగా కొంత పెద్దది చేశాయి. 1864లో గ్రామీణ జిల్లాలకు 'జెమ్‌స్త్వో' అనే ఎన్నికైన మండళ్లు వచ్చాయి. బడులు, ఆసుపత్రులు, పశువైద్యం, రోడ్ల పనులు వాటివే. రష్యా పల్లెలకు డాక్టరు చేరడం చాలాచోట్ల వీటి వల్లే మొదలైంది. 1870 నాటి పట్టణ చట్టం పన్ను కట్టే నివాసులకు ఓటు ఇచ్చింది. కట్టే పన్నును బట్టి ఓటర్లను మూడు అంతస్తులుగా విభజించి, ఒక్కో అంతస్తు మూడో వంతు సభ్యులను ఎన్నుకునేలా పెట్టారు. అంటే ఊళ్లో ఉన్న కొద్దిమంది పెద్ద వర్తకులకూ, వందలమంది చిన్న దుకాణదార్లకూ ఒకే సంఖ్యలో ప్రతినిధులు. అన్యాయమే. అయినా చిన్న దుకాణదారుకు ఓటు దక్కింది.

ఉగ్లిచ్ పౌరులు తమ గంటను తమకు ఇప్పించమని అంతకు చాలా ముందే అర్జీ పెట్టుకున్నారు. దశాబ్దాలు గడిచాక మూడో అలెగ్జాండర్ కాలంలో అనుమతి దొరికింది. 1892లో స్టీమరు మీద వోల్గా వెంట గంట ఊరికి చేరింది. దాదాపు మూడు వందల ఏళ్ల ప్రవాసం ముగిసింది. అదే ఏడాది పాత ఇటుక మేడను బాగుచేసి మ్యూజియంగా తెరిచారు.

పట్టణాల స్వపాలనకు కత్తెర వేసిన కొత్త చట్టాన్ని అదే అలెగ్జాండర్ తెచ్చింది కూడా 1892లోనే. ఓటు హక్కు పన్నుతో కాక స్థిరాస్తి విలువతో ముడిపడింది. నిన్న ఓటు వేసిన చిన్న దుకాణదార్లలో ఎక్కువమంది జాబితా నుంచి పోయారు. మేయర్లు, పాలకవర్గ సభ్యులు ప్రభుత్వ ఉద్యోగులతో సమానం అయ్యారు. దూమా తీర్మానాలు చట్టబద్ధమా కాదా అనే కాదు, అవి అవసరమా కాదా అని కూడా గవర్నరు చూడవచ్చునన్నారు. గంట వచ్చింది, గొంతు తగ్గింది. ఇది కాకతాళీయమే కావచ్చు. రాజ్యం దృష్టిలో మాత్రం రెండింటికీ వైరుధ్యం లేదు. పాత గంట మ్యూజియం వస్తువు, దూమా ఇంకా పనిచేస్తున్న సంస్థ.

ఆనకట్ట వచ్చాక

1917 తర్వాత అధికారం పేరుకు సోవియట్లది, నిజానికి పార్టీ కమిటీలది. 1929లో యరొస్లావ్ల్ విభాగాన్నే రద్దు చేసి ఇవానొవో పారిశ్రామిక ప్రాంతంలో కలిపారు. 1936లో మళ్లీ యరొస్లావ్ల్ ప్రాంతం పుట్టింది. ఊరి మీద ఇవేవీ చూపని ప్రభావాన్ని ఒక ఆనకట్ట చూపింది.

వోల్గాను మెట్లుమెట్లుగా జలాశయాల మాలగా మార్చే పథకంలో భాగంగా ఉగ్లిచ్ దగ్గర జలవిద్యుత్ కేంద్రం పని 1935లో మొదలైంది. పనిచేసినవాళ్లలో ఎక్కువమంది 'వోల్గొలాగ్' శిబిరంలోని ఖైదీలు. మొదటి యంత్రం 1940 డిసెంబరులో తిరిగింది. మరుసటి ఏడాది జర్మన్ సేనలు మాస్కో ముంగిటికి వచ్చినప్పుడు రాజధానికి కరెంటు ఇచ్చిన కొద్ది కేంద్రాల్లో ఇది ఒకటి. రష్యన్లు ఆ సంగతిని న్యాయంగానే గర్వంగా చెప్పుకుంటారు. చెల్లించిన మూల్యం గురించి మాట్లాడటానికి ఎక్కువకాలం పట్టింది. ఉగ్లిచ్ పక్కనే ఉన్న పొక్రోవ్‌స్కీ మఠం, పదిహేనో శతాబ్దపు ప్రధాన చర్చితో సహా, జలాశయం కోసం కూల్చివేతకు గురై మునిగిపోయింది. ఎగువన ఉన్న కల్యాజిన్ పట్టణంలో పాత మధ్యభాగం నీళ్లలోకి పోయింది. నీటి నడుమ ఒంటరిగా నిలబడిన అక్కడి గంట గోపురం ఫొటోలు ఇప్పుడు ప్రపంచమంతా తిరుగుతున్నాయి.

ఈ నిర్ణయాల్లో ఏ ఒక్కటీ ఆ ఊళ్లలో తీసుకున్నది కాదు.

యుద్ధం తర్వాత ఊరు పరిశ్రమలతో బతికింది. 'చైకా' పేరుతో ఇక్కడ తయారైన చేతి గడియారాలు సోవియట్ దేశమంతా అమ్ముడయ్యాయి. చైకా అంటే సీగల్ పక్షి. యరొస్లావ్ల్ ప్రాంతంలోనే పుట్టిన, అంతరిక్షంలోకి వెళ్లిన తొలి మహిళ వలెంతీనా తెరెష్కోవాకు 1963 యాత్రలో ఉన్న సంకేతనామం అదే. వెన్న, జున్ను తయారీపై దేశానికంతటికీ పరిశోధన చేసే సంస్థ కూడా ఉగ్లిచ్‌లోనే ఉంది. సోవియట్ పద్ధతిలో ఇలాంటి ఊళ్లలో పురపాలన పని చాలావరకు కర్మాగారమే చేసేది. ఇళ్లు, పిల్లల బడి, క్లబ్బు, కొన్నిచోట్ల వేడినీటి గొట్టాలు కూడా దానివే. సోవియట్ యూనియన్ పోయాక కర్మాగారాలు ఆ భారాన్ని పట్టణాల నెత్తిన దింపేశాయి. దాన్ని మోసే ఆదాయం మాత్రం వెంట రాలేదు. గడియారాల కర్మాగారం పెద్ద ఎత్తున ఉత్పత్తి 2000ల దశకంలో ఆగిపోయింది.

రెండు అంతస్తులా, ఒకటా?

1993 రష్యా రాజ్యాంగంలో పన్నెండో అధికరణం ఒక పెద్ద మాట చెప్పింది. స్థానిక స్వపరిపాలన సంస్థలు రాజ్య అధికార వ్యవస్థలో భాగం కావు. అంటే మేయరు గవర్నరుకు కింది ఉద్యోగి కాదు. 1998లో రష్యా ఐరోపా స్థానిక స్వపరిపాలన ఒడంబడికను కూడా ఆమోదించింది. 2003లో వచ్చిన 131వ నంబరు చట్టం దేశమంతా రెండు అంతస్తుల ఏర్పాటు పెట్టింది. కింద పట్టణాలు, గ్రామ సముదాయాలు. వాటి పైన జిల్లా. దాని ప్రకారం ఉగ్లిచ్ పట్టణానికి వేరు మండలి, చుట్టూ ఉన్న ఉగ్లిచ్ జిల్లాకు వేరు సభ ఏర్పడ్డాయి. వీధులు, దీపాలు, నీళ్లు, పార్కులు పట్టణానివి. బడుల లాంటి పెద్ద బాధ్యతలు జిల్లావి. కాగితం మీద ఇది చక్కగా ఉంది.

చిక్కంతా డబ్బు దగ్గర వచ్చింది. రష్యాలో విలువ ఆధారిత పన్ను మొత్తం కేంద్రానికే పోతుంది. కంపెనీల లాభాల పన్నును కేంద్రం, ప్రాంతీయ ప్రభుత్వం పంచుకుంటాయి. సంస్థల ఆస్తి పన్ను ప్రాంతానిది. పట్టణానికి మిగిలేవి భూమి పన్ను, ఇళ్లపై వ్యక్తిగత ఆస్తి పన్ను, జీతాల మీది ఆదాయపు పన్నులో పదో వంతు. ఉగ్లిచ్ విషయంలో దీని అర్థం సూటిగానే ఉంది. ఊరి ఒడ్డునే ఉన్న 120 మెగావాట్ల విద్యుత్ కేంద్రం రస్‌హైడ్రో అనే జాతీయ సంస్థది, దాని లాభంపై పన్ను ఊరి ఖజానాలోకి రాదు. కాబట్టి రష్యాలో స్థానిక బడ్జెట్లలో సగానికి పైగా పై నుంచి వచ్చే గ్రాంట్లే. గ్రాంటు ఇచ్చేవాడికి ఎదురు చెప్పడం ఎంత కష్టమో బిత్యగోవ్‌స్కీ కాలంలో నగోయ్ సోదరులకు తెలుసు.

డబ్బు వెనకే మనుషులు వచ్చారు. 2014, 2015 సవరణలతో మేయర్లను నేరుగా ఎన్నుకోవాలా, మండలి ఎంపిక చేయాలా అన్నది ప్రాంతీయ ప్రభుత్వాల చేతికి వెళ్లింది. పోటీ కమిషన్ వడకట్టిన అభ్యర్థుల్లోంచే మండలి ఒకరిని ఎన్నుకునే పద్ధతి వ్యాపించింది. జిల్లాల విషయంలో ఆ కమిషన్‌లో సగం మందిని వేసేది గవర్నరే. ప్రాంతీయ రాజధానుల్లో జనం నేరుగా మేయరును ఎన్నుకునేవి ఇప్పుడు వేళ్ల మీద లెక్కపెట్టేంతే మిగిలాయి. యరొస్లావ్ల్ నగరంలో 2012లో ప్రతిపక్షాల మద్దతుతో గెలిచిన మేయరు యెవ్‌గేనీ ఉర్లషోవ్‌ను మరుసటి ఏడాది లంచం కేసులో అరెస్టు చేశారు. 2016లో పన్నెండున్నరేళ్ల జైలుశిక్ష పడింది. ఆయన ఆరోపణలను ఒప్పుకోలేదు. కేసు మంచిచెడ్డలు ఎలా ఉన్నా, ఆ ప్రాంతంలోని చిన్న పట్టణాల నాయకులకు అందిన సందేశం స్పష్టమే.

ఆ తర్వాతి అడుగులు వేగంగా పడ్డాయి. 2019లో వచ్చిన సవరణ పట్టణాన్నీ చుట్టూ ఉన్న పల్లెలనూ కలిపి ఒకే 'మున్సిపల్ ఓక్రుగ్'గా మార్చే వీలు ఇచ్చింది. యరొస్లావ్ల్ ప్రాంతంలోనే పన్నెండో శతాబ్దం నాటి పెరెస్లావ్ల్-జలేస్‌కీ పట్టణాన్ని అంతకుముందే, 2018లో, దాని జిల్లాతో కలిపేశారు. 2020 రాజ్యాంగ సవరణలు స్థానిక సంస్థలను 'ఏకీకృత ప్రజాధికార వ్యవస్థ'లోకి చేర్చాయి. పన్నెండో అధికరణంలో ఒక్క అక్షరం మారలేదు, దాని అర్థం మాత్రం మారింది. 2022లో ఐరోపా మండలి నుంచి బయటపడ్డ రష్యా, 2023లో స్వపరిపాలన ఒడంబడికకూ స్వస్తి చెప్పింది.

2025 మార్చి 20న పుతిన్ సంతకం చేసిన కొత్త చట్టం 131వ చట్టం స్థానంలోకి వస్తోంది. 2021 చివరలో ప్రవేశపెట్టిన ముసాయిదా కింది అంతస్తును దేశమంతా ఎత్తేయాలంది. తతార్‌స్తాన్ లాంటి ప్రాంతాలు అడ్డం తిరగడంతో బిల్లు మూడేళ్లు కదల్లేదు. చివరికి ఒక అంతస్తు ఉంచాలో, రెండు ఉంచాలో ఎవరికి వారు తేల్చుకోవచ్చన్న రాజీ కుదిరింది. తేల్చుకునేది ప్రాంతీయ ప్రభుత్వాలు, ఊళ్లు కాదు. మున్సిపాలిటీ అధిపతిని ఎన్నుకోవడానికి ఒక పద్ధతిలో గవర్నరే మండలికి అభ్యర్థుల పేర్లు పంపుతాడు. నిర్దేశించిన పనితీరు సూచికలను పదేపదే అందుకోలేని అధిపతిని తొలగించే వీలూ గవర్నరుకు ఉంది.

ఒక అంతస్తు కావాలనేవారి వాదనను కొట్టిపారేయలేం. కొన్ని వందల మంది ఉన్న గ్రామ సముదాయానికి ఒక అధిపతి, ఒక గుమాస్తా, రోడ్డుకు సరిపడని బడ్జెట్టు. జనాభా ఏటా తగ్గుతోంది, చదువుకున్న యువత మాస్కోకు వెళుతోంది. ఇలాంటిచోట రెండు కార్యాలయాలు పెట్టుకుని ఒకదాని మీద ఒకటి బాధ్యత నెట్టుకోవడం కంటే ఒకటే ఉండటం మేలని వారంటారు. కానీ కార్యాలయం తగ్గినంత మాత్రాన పన్నుల వాటా మారదు. శీతాకాలంలో ఇళ్లకు వేడినీళ్లు పంపే పాత గొట్టాలు పగిలితే జవాబు చెప్పాల్సింది ఇప్పటికీ స్థానిక పాలకులే. 2024 జనవరిలో మాస్కో శివారు పొదోల్‌స్క్ పురపాలక పరిధిలో ఒక ప్రైవేటు కర్మాగారం బాయిలర్ చెడిపోయి, గడ్డకట్టే చలిలో వేలమంది ఇళ్లు చల్లబడిపోయాయి. అప్పుడు అదుపులోకి తీసుకున్నవారిలో కర్మాగార యాజమాన్యంతో పాటు పట్టణ పాలకవర్గం ఉపాధిపతి కూడా ఉన్నారు. పాలకులకు అధికారం పై నుంచి వస్తోంది, శిక్ష భయం మాత్రం కిందే ఉంటోంది.

ఉగ్లిచ్ కోటలో 1810ల నాటి దూమా భవనం ఇప్పుడు మ్యూజియం ఆధీనంలో ఉంది. టికెట్టు కొని లోపలికి వెళ్లవచ్చు. గంట ఉన్న ఎర్ర చర్చి అక్కడికి దగ్గరే. గైడ్లు ముందుగా దాని తెగిన చెవిని చూపిస్తారు.